సుద్ద గుర్తు లేని కంప్యూటర్లు

తాండూరులో నాపరాళ్ల పాలిష్ షెడ్డు నడిపే మల్లికార్జున్‌కు సుద్ద గుర్తు లేని బండ కనబడితే అన్నం సహించదు. గుర్తు లేకపోతే పక్క షెడ్డు వాళ్లు ఎత్తుకుపోతారని ఆయన అనుమానం. ఆ ఉదయం వికారాబాద్ లారీని బిల్లుతో సహా త్వరగా పంపేద్దామనుకున్నాడు. ఆలస్యమైతే ఆ గిరాకీ వేరే షెడ్డుకు పోతుంది.

ఆఫీసులో నిరోషా తన సొంత ల్యాప్‌టాప్ ముందుంది. ధారూర్ నుంచి రైల్లో వచ్చి బిల్లులు చూసే అమ్మాయి. నల్లటి తెర మీద ఒక కమాండ్ కొట్టగానే ఏవో పేర్లు వరసగా లేచాయి.

"ఏంది గిది?" అన్నాడు మల్లికార్జున్.

"లినక్స్‌ల నడిచే చిన్న కంప్యూటర్లు సేటూ. మన ఆఫీసుకే. నాలుగు నడుస్తున్నయి."

ఆయన గదంతా కలియజూశాడు. బల్ల మీద ఆఫీసు కంప్యూటర్ ఒక్కటే ఉంది.

"గా నాలుగు యాడున్నయి?"

"ఈ ల్యాప్‌టాప్ లోపల్నే. సాఫ్ట్‌వేర్‌తోని చేసిన ఉత్తుత్తి కంప్యూటర్లు."

బండ లోపల ఇంకో నాలుగు బండలుంటాయా? పిల్ల తనను పిచ్చివాణ్ణి చేస్తోందని ఆయనకు ఒళ్లు మండింది. గుర్తు లేని ఆ నాలుగూ పక్కవాళ్లే ఎత్తుకుపోయి ఉంటారని, మేస్త్రీ నర్సప్పను పక్కకు పిలిచి, చుట్టుపక్కల షెడ్లు చూసి రమ్మన్నాడు.

నర్సప్ప తిరిగొచ్చాడు. "యాడ లెవ్వు సేటూ. ఎందుకొచ్చినవంటె, మా కంప్యూటర్లు పోయినయని చెప్పిన."

అతని వెనకే పక్క షెడ్ల వాళ్లంతా వచ్చారు. "మమ్మల్ని దొంగలంటవా?" అని గేటు దగ్గర నిలబడ్డారు. వాళ్ల వెనక లారీ డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

మల్లికార్జున్ నేరుగా వెళ్లి మెయిన్ స్విచ్ దించేశాడు. తన కరెంటు తీస్తే తన కంప్యూటర్లు ఆగాలి కదా! పాలిష్ మిషన్ ఆగింది, ఫ్యాను ఆగింది, బల్ల మీది కంప్యూటర్ ఆగింది.

"నీ నాలుగు?"

"నడుస్తున్నయి సేటూ. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ..."

ఆయన మిగతాది వినలేదు. గేటు వైపు తిరిగి, "ఇన్నరా? మా కరెంటు తీసినా నడుస్తున్నయంటె మీ షెడ్లల్ల ఉన్నట్టె" అన్నాడు.

నిరోషా ల్యాప్‌టాప్‌ను గేటు దగ్గరికి తెచ్చి, నాలుగూ అందులోనే ఉన్నాయని చూపించాక గొడవ సర్దుమణిగింది. మల్లికార్జున్ మెయిన్ ఎత్తాడు. ఆఫీసు కంప్యూటర్ మాత్రం లేవలేదు. బిల్లులన్నీ దాంట్లోనే ఉన్నాయి. డ్రైవరు ఇక ఆగనన్నాడు. మల్లికార్జున్ కుర్చీలో కూలబడ్డాడు.

"ఫికర్ చెయ్యకు సేటూ. అది ఎప్పటికైనా ఖరాబైతదని, నాలుగిట్ల ఒకదాంట్ల మన బిల్లుల కాపీ పెట్టిన" అంది నిరోషా.

"మన బిల్లులు నీ ల్యాప్‌టాప్‌లనా?" ఆయన కళ్లు అనుమానంతో చిన్నవయ్యాయి. బయట హారన్ ఇంకోసారి మోగింది. "సరే, తియ్యి."

నిరోషా ఒక్క కమాండ్ కొట్టింది. బిల్లు ప్రింటయింది. లారీ కదిలింది.

పక్క షెడ్ల వాళ్లకు మల్లికార్జున్ తలొంచుకుని చాయ్ పోయించాడు. వాళ్లు వెళ్లగానే నర్సప్ప చేతిలో సుద్దముక్క పెట్టాడు.

ఇప్పుడు నిరోషా ల్యాప్‌టాప్ మూత మీద నాలుగు సుద్ద గుర్తులున్నాయి; ఐదో కంప్యూటర్ నడపాలంటే ముందు నర్సప్పను పిలవాలి.