అన్నగారి ఫ్యాను పీకిన పద్మావతీ విజయం

రండర్రా, దగ్గరికి జరగండి. ఆ గడప మీద కూర్చున్నవాళ్లు లోపలికి రండి. గడప మీద కూర్చుని వింటే వీరగాథ కూడా చాడీలాగే వినబడుతుంది.

చతుస్సాగరపరివేష్టితమైన ఈ భూమండలంలో, తూర్పుకడలి తన తరంగహస్తాలతో ఓడల వీపులు నిమిరే విశాఖపురిలో, ఉక్కు కొలిమి పొగలు సూర్యభగవానుడికే గొడుగు పట్టే గాజువాకలో, రెండువేల ఏడో సంవత్సరపు వైశాఖమాసాన, కాకులు సైతం కొళాయి కింద తలదాచుకున్న మిట్టమధ్యాహ్నాన, లైను పని ఉందంటూ సాయంత్రం దాకా కరెంటు తీసేసిన ఆ దారుణముహూర్తాన, కొండలరావు ధర్మపత్నీ, సహనసాగరా, పులుసుకళావిశారదా అయిన పద్మావతి ఇంట మహాసంగ్రామం మొదలైంది.

కారణమా? ఒక పంచెల చాపు. రెండేళ్ల కిందట పద్మావతి కూతురు నిఖిత పెళ్లిలో, మేనమామ ధర్మంగా పిల్లను బుట్టలో మోసుకొచ్చినవాడు పద్మావతి అన్న, భీమిలి వాస్తవ్యుడు, అభిమానధనుడు, అలకచక్రవర్తి శ్రీరామ్మూర్తి. అంత బరువు మోసినవాడికి బట్టలు పెట్టలేదని ఆయన. నా చేత్తో పెట్టానని ఆమె. అప్పటినుంచి ఆ అన్న చెల్లెలి ఇంట మంచినీళ్లు ముట్టలేదు. రెండు ఉగాదులకు ఆయన వాటా పచ్చడి గిన్నెలోనే నల్లబడింది. ఆ గిన్నె కడిగినప్పుడల్లా పద్మావతి ముక్కు చీదుకునేది, పొగ వల్ల అనేది. ఆ ఇంట్లో ఉన్నది గ్యాసు పొయ్యి.

ఆ పంతం తేల్చుకోవడానికే ఆయన ఆవేళ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, కండువా దులిపి, ఇలా భీషణప్రతిజ్ఞ చేశాడు.

"పెళ్లి సీడీ ఎయ్యండి. పంచి నా సేతిలో ఎట్టినట్టు కనబడితే నీ ఇంట్లో అన్నం తింతాను. కనబడకపోతే బేగి భీమిలి బస్సెక్కేత్తాను. ఈ జన్మకి మరి నీ గడప తొక్కను!"

వంటింట్లో కోనెం చేపల పులుసు తెల్లారి హార్బరు నుంచి వచ్చిన చేపలతో కుతకుతలాడుతూ ఈ మాట విన్నది. కరెంటు లేదు కనుక టీవీ మూగబోయింది. ఇక దిక్కు కొడుకు మోహనకృష్ణ కొత్తగా కొన్న లాప్‌టాప్. మూత మీద పసుపు, అంచున కుంకుమ, పొట్టలో నలభై శాతం ఛార్జింగు.

ఒంటరిగా పోరితే ఆ నలభై చాలును. కానీ కొత్త వస్తువును చూడటానికి ఉత్తచేతులతో వచ్చే వంశం కాదది! అల్లుడు సుమంత్ ఎర్రటి దీపం వెలిగే మౌసు బహూకరించాడు. కొండలరావు చెల్లెలు రోజారమణి గుమ్మడికాయలంత స్పీకర్లు తెచ్చింది. కొండలరావు స్వయంగా లాప్‌టాప్ కింద పెట్టి దాన్ని చల్లబరిచే, నీలికాంతులు చిమ్మే పీట కొన్నాడు. అలిగినవాడైనా లోకమర్యాద తప్పని శ్రీరామ్మూర్తి, జగదాంబ జంక్షన్లో బేరమాడి, లాప్‌టాప్‌కి తగిలించుకునే బుల్లి ఫ్యాను పట్టుకొచ్చాడు. తగిలించి, దానికెదురుగా తనే కూర్చున్నాడు. ముట్టడిలో ఉన్న కోటకు సాయం వచ్చామన్న సామంతులు కత్తి దూయకముందే ధాన్యాగారం తలుపు తీయించి విస్తళ్లు పరిపించుకున్నట్టు, ఆ నాలుగు కానుకల వైర్లూ నాలుగు నోళ్లయి బ్యాటరీని జుర్రడం మొదలుపెట్టాయి.

తెరమీద గులాబీలు రాలాయి, హంసలు ఈదాయి, వీడియోవాడి పేరు గిరగిర తిరిగింది. అంతలోనే ముప్పై.

"ముందుకి జరుపురా!" అంది పద్మావతి.

"ఆగు ఆగు! నా పట్టుసీర వచ్చింది, సూడనియ్యండి!" అని రోజారమణి ఆపించింది. ఇరవై రెండు.

మోహనకృష్ణ బెదిరిపోయి సత్యం పలికాడు. "అమ్మా, ఇయ్యన్నీ దీని బ్యాటరీనే తినేస్తన్నాయి. తీసీకపోతే మావయ్య సీను దాకా రాదు."

సభ అట్టుడికిపోయింది. అల్లుడు చిన్నగా దగ్గాడు. అల్లుడి దగ్గు వెయ్యి శంఖాల పెట్టు. "అల్లుడుగారి మౌసు పీకుతావేట్రా, బుద్ధుందా?" అని కొండలరావు కొడుకు మీద లేచాడు.

"పోనీ మీ పీట తీసేద్దాం నాన్నా."

"అది తీత్తే మిషను కాలిపోద్ది! ఇరవయ్యేళ్లు ఫర్నేసు కాడ పంజేసినోణ్ణి, వేడంటే ఏటో నువ్వు నాకు సెప్తావేటి?"

"అయితే నా స్పీకర్లే అడ్డమేటి వదినా? సెప్పీ, పట్టుకుపోతాను," అంది రోజారమణి, ఎవరూ అడగకుండానే.

శ్రీరామ్మూర్తి మాత్రం ఫ్యాను గాలికి మీసం రెపరెపలాడుతుండగా, అర్ధనిమీలితనేత్రుడై, తెరమూలన తరిగిపోతున్న అంకెను ఓరగా చూసుకుంటున్నాడు. "నా ఫేను ముట్టుకున్నారంటే ఇప్పుడే లేసి పోతాను. ఒకసారి అవమానం సాలు."

పన్నెండు. తొమ్మిది. తెర మసకబారింది. ఏడు దగ్గర బుట్ట కనబడింది, బుట్టలో నిఖిత, బుట్ట కింద ఎర్రబడ్డ ముఖంతో మేనమామ. అన్న చూపు బొమ్మ మీద కాక, తరిగిపోయే అంకె మీద ఉన్న సంగతి పద్మావతి అప్పుడు కనిపెట్టింది. కనిపెట్టి, కొంగు బిగించి, గరిటె ధరించిన హస్తంతో ప్రళయకాలమేఘంలా లేచి గర్జించింది.

"ఎవుల మనసు నొచ్చుకుంటాదోనని ముప్పయ్యేళ్లు కూరలో ఉప్పు కూడా మిమ్మల్నడిగి ఏసినాను! ఇయ్యాల అడగను!"

అల్లుడి మౌసు తోక తెగిన ఎలుకలా చాప మీద పడింది. ఆడపడుచు స్పీకర్లు గొంతు మధ్యలో సన్నాయితో సహా మూగబోయాయి. భర్త పీట నీలికాంతులు ఆరిపోయాయి. "ఒలే పద్మా!" అని అన్న అరుస్తుండగానే ఫ్యాను కూడా ఊడింది, అలకచక్రవర్తి మీసం వాలిపోయింది.

మూడు శాతం. లాప్‌టాప్ సొంతగొంతు చీమ నడకంత. అది వినడానికి, పుట్టిన దగ్గర్నుంచి ఒకరి మాట ఒకరు విననిచ్చి ఎరుగని ఆ వంశమంతా నోళ్లు మూసింది! వంటింట్లో పులుసు సైతం కుతకుత ఆపింది. తెరమీద చెమటలు కక్కుతున్న పద్మావతి పంచెల చాపు తెచ్చి అన్న చేతిలో పెట్టింది. తెరమీది శ్రీరామ్మూర్తి బొటనవేలితో దాన్ని తడిమి, కనుబొమ ఎగరేసి అన్నాడు.

"ఇదేటిది, అంచు ఇంత సన్నం?"

తెర నల్లబడింది.

అందరూ ఆయన వైపు తిరిగారు. గాలిలేక ముక్కు చివర నిలిచిన చెమటబొట్టు ఇటా అటా అని ఊగింది. అయినా వీరుడు వీరుడే.

"అదే గదా నాను మొదట్నుంచీ సెప్తన్నాది! అంత సన్నం అంచయితే ఎట్టినట్టా, ఎట్టనట్టా?"

"ఎట్టినట్టే అన్నియ్యా. లేసి సేతులు కడుక్కో."

ఆయన లేచాడు. కొళాయి దగ్గర చాలాసేపు చేతులు కడిగాడు. విస్తరి ముందు కూర్చుని, "పులుసు సల్లారిపోనాదేటి?" అన్నాడు, సన్నగా.

ఆ తొలిముద్ద ఆయన నోటిలోకి వెళ్లేటప్పటికి అల్లుడు మౌసు జేబులో వేసుకుని మేడెక్కి అటు తిరిగి నిలబడ్డాడు. రోజారమణి స్పీకర్లను పట్టుచీరలో చుట్టడం మొదలుపెట్టింది. కొండలరావు పీటను ఒళ్లో పెట్టుకుని గోడతో మాట్లాడుతున్నాడు. ఒక అలక తీరింది, మూడు పుట్టాయి. వాళ్ల విస్తళ్ల మీద ఈగలు వాలకుండా పళ్లేలు బోర్లించి వచ్చి, పద్మావతి అన్నకు రెండోసారి పులుసు వడ్డించింది. ఆయన వద్దనలేదు. భీమిలి బస్సు ఆయన లేకుండానే పోయింది.

జయము జయము! సున్నా శాతం ఛార్జింగుతో ఒక అన్నంముద్దను జయించిన గరిటెహస్తకు జయము!

మరిచిపోకండర్రా ఈ కథ. రేపు మీ పిల్లలకు చెప్పండి, ఆ పిల్లలు వాళ్ల అత్తవారిళ్లలో చెప్పాలి. మిగతాది ఎలా చెప్పినా ఫర్వాలేదు గానీ, "అంచు ఇంత సన్నం" అన్న మాట మాత్రం శ్రీరామ్మూర్తిలా కనుబొమ ఎగరేసి చెప్పండి. అది లేకపోతే ఉప్పు లేని పులుసే.