రెండో దిండు

శుక్రవారం పొద్దున కాఫీ గ్లాసు కింద పెడుతూ చెన్నకేశవులు భార్యతో చాలా మామూలుగా అన్నాడు. "మద్రాసుకు పలకల లోడు పోతా ఉంది. నేనూ పోయి సోమవారానికి వస్తా."

మార్కాపురంలో పలకల షెడ్డు ఉన్నవాడు మద్రాసుకు పలకలు పంపడంలో వింతేమీ లేదు. రాష్ట్రం ఏర్పడి నిండా ఐదారేళ్లు కాకపోయినా, ఆ ఊరి పలకల మీద దిద్దని పిల్లవాడు రాష్ట్రంలో లేడని షెడ్ల వాళ్లు గొప్పగా చెప్పుకునే రోజులవి. వింతల్లా చెన్నకేశవులు స్వయంగా బయలుదేరడమే. విశాలాక్షికి అది నచ్చలేదు.

"ఎప్పుడూ లేంది మీరెందుకు?"

"బేరం మాట్లాడాల."

అసలు సంగతి వేరు. మద్రాసు దగ్గర షోలవరంలో, యుద్ధం నాటి విమానాల మైదానం మీద, ఆదివారం మోటారు సైకిళ్ల పందెం ఉంది. మిలిటరీ వేలంలో కొన్న తన పాత బండిని చెన్నకేశవులు ఏడాదిగా దానికోసమే సిద్ధం చేస్తున్నాడు. అంతదూరం తోలితే ఇంజను పందేనికి ముందే అలిసిపోతుందని వ్యానులో ఎక్కించుకుపోయి, మైదానం పక్కన డేరా వేసుకుని ఉండాలని ఏర్పాటు. ఈ మాట భార్యకు చెప్పే వీలు లేదు. అంతకు ముందోసారి దోర్నాల రోడ్డు మీద శ్రీశైలం బస్సుతో పోటీపడి ముందుపన్ను పోగొట్టుకున్నప్పుడు, ఇక జన్మలో పందేనికి పోనని ఆమె నెత్తిన చెయ్యిపెట్టి ఒట్టు వేశాడు.

అందుకని ముందురోజు సాయంత్రమే, షెడ్డులో మూటలు కట్టే వీరమ్మను పిలిచి బండిని మూటగట్టి వ్యాను ఎక్కించే పని రహస్యంగా అప్పజెప్పాడు. పలకలు పగలకుండా గడ్డి కూరి తాళ్లు బిగించడంలో ఆమెను మించినవాళ్లు లేరు. పెట్రోలు ట్యాంకు మీద గీత పడకూడదని, భార్య పెట్టెలోంచి మెత్తటి పాతచీర ఒకటి, ఎర్రంచున్న ఆకుపచ్చది, తీసి ఇచ్చాడు. "మద్రాసు మూటకు ఇది చుట్టు అవ్వా" అని మరీ మరీ చెప్పాడు.

అంతా బాగానే ఉండేది. కానీ డ్రైవరు కాటమరాజు సామాను మోసుకుంటూ విశాలాక్షి ముందునుంచే నడిచాడు. డేరా గుడ్డ, జంపఖానా, కొత్త కిరసనాయిలు స్టవ్వు, కొత్త గిన్నెలు, రెండు దిండ్లు.

"పలకలకు దిండ్లెందుకు?" అంది విశాలాక్షి.

"ఒకటి నాకు."

"రెండోది?"

"కాటమరాజుకు."

"నేను స్టీరింగు మీదే తలపెట్టి పండుకుంటానక్కా. దిండు నాకు పడదు" అన్నాడు కాటమరాజు నిజాయితీగా.

చెన్నకేశవులుకు చెమట పట్టింది. భార్య అనుమానం అక్కడే తుంచెయ్యాలని షెడ్డు వైపు తిరిగి గట్టిగా కేకేశాడు. "వీరమ్మవ్వా! మద్రాసుకు పలకలే గదా ఎక్కించేది? పలకలు తప్ప ఇంకొకటి వ్యాను ఎక్కిందంటే ఊరుకోను!"

అని, తన మాటను పట్టించుకోవద్దన్నట్టు కన్ను గీటాడు. వీరమ్మ అటు తిరిగి తాడు ముడేస్తూ ఉంది. "సరేనయ్యా" అంది. ఆ కన్ను గీటడం చూసినది విశాలాక్షి ఒక్కతే.

ఆమె ఆయన్ను ఇంట్లో నిలబెట్టి ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగేలోపు మూట వ్యాను ఎక్కింది. చెన్నకేశవులు పరుగున వచ్చి లోపలికి తొంగి చూశాడు. ఆకుపచ్చ చీర, ఎర్రంచు కనబడ్డాయి. తృప్తిగా తలుపు వేసి బయలుదేరాడు.

వ్యాను వీధి మలుపు తిరగగానే విశాలాక్షి షెడ్డు వెనక్కి వెళ్లి ఒకటి చూసుకుని వచ్చింది. దాంతో ఆమె అనుమానం తగ్గకపోగా రెట్టింపయింది. ఇంటికి తాళం పెట్టి, కొనకనమిట్లలో బట్టల దుకాణం నడుపుతున్న తండ్రి సుబ్బయ్య దగ్గరికి బస్సెక్కేసింది.

ఆ వ్యానుకు దారిలో ఇంకెక్కడా చోటు దొరకనట్టు, సరిగ్గా కొనకనమిట్లలోనే ఇంజను కాగి ఆగిపోయింది. మామగారి దుకాణం అక్కడికి కూతవేటు దూరం. కాటమరాజు నీళ్లకు పోయాడు. చెన్నకేశవులు తలమీద తువ్వాలు కప్పుకుని దిగి, వెనక తలుపు కాస్త తెరిచి, మూటను ఆప్యాయంగా తట్టాడు.

"ఇంకొంచెం ఓర్చుకో బంగారూ. ఈ రెండు రోజులు గడిస్తే మనకు అడ్డమే లేదు."

అప్పుడే బస్సు దిగిన విశాలాక్షి ఆయన వెనకే నిలబడి ఉంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెకు "ఏమే" తప్ప "బంగారూ" ఒక్కసారీ దక్కలేదు. తలుపు సందులోంచి చూస్తే, తన చీరే కట్టుకుని, నెత్తిన కొంగు కప్పుకుని, తాళ్ల మధ్య ఎవతో కూర్చుని ఉంది.

"నాయనా!" అని ఆమె పెట్టిన కేకకు కొనకనమిట్ల బజారంతా కదిలింది.

సుబ్బయ్య గజంబద్ద చేతిలోనే పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. మూటను చూడగానే ఆయన మొహం మారిపోయింది. "ఆ చీర నా దుకాణంలోదే! నా బిడ్డకు పెట్టిన చీర దానికి కట్టబెట్టినావా అల్లుడూ?"

జనం మూగారు. ఎవరినో లేవదీసుకుపోతున్నాడని ఒకరన్నారు. తాళ్లెందుకు కట్టినాడు, బలవంతంగానే తీసకపోతన్నాడని ఇంకొకరు. మద్యనిషేధం కదా, చీర కట్టి సారాయి పీపాలు దాటిస్తున్నారని మూడో ఆయన తేల్చాడు. ఏసమ్మ అనే ముసలామె మాత్రం జాలిపడి, చెంబుతో నీళ్లు తెచ్చి మూట ముందు పెట్టింది. "తాగు తల్లీ, భయపడొద్దు. మేమందరం ఉండాం."

మూట పలకలేదు. "అయ్యో, సోయి లేదు!" అని ఏసమ్మ గుండెలు బాదుకుంది.

చెన్నకేశవులు అటూ ఇటూ చూశాడు. విప్పితే ఒట్టు తప్పిన సంగతి బయటపడుతుంది. విప్పకపోతే కాపురమే పోయేట్టుంది. విశాలాక్షి ఏడవడం లేదు, రెప్ప వెయ్యకుండా చూస్తోంది. ఆయనకు భయం వేసింది, ఆ వెంటనే సిగ్గూ వేసింది.

"ఆడమనిషి కాదు మామా. నా మోటారు సైకిలు. ఆదివారం షోలవరంలో పందెముంది. ఒట్టు తప్పినా. తప్పు నాదే."

సుబ్బయ్య గజంబద్దతో వ్యాను తలుపు మీద కొట్టాడు. "తోలుకొని పోయే బండిని ఇంకో బండి మీద ఎక్కించుకొని ఎవడన్నా పోతాడా?"

"ఇంజను అలిసిపోతుందని..."

"మరి డేరా ఏంది? మద్రాసులో సత్రాలు లేవా?"

"ఆ మైదానం పక్కనే పండుకుంటారు మామా. అందరూ అట్లనే చేస్తారు."

"ఇల్లూ వాకిలీ ఉన్నోళ్లు బయలుమీద పండుకుంటారా? కాటమరాజూ, నువ్వు చెప్పు. లోపల ఏముంది?"

"నేను స్టీరింగు మనిషిని పెద్దాయనా. వెనక ఏముందో నాకు తెలీదు" అన్నాడు కాటమరాజు.

సుబ్బయ్య తనే వ్యాను ఎక్కి తాళ్లు కోశాడు. చీర జారింది. దాని కింద గడ్డి, గడ్డి కింద ఒకదాని మీద ఒకటి చెక్కపెట్టెలు. పైపెట్టె మూత ఊడగొడితే నల్లగా నిగనిగలాడుతూ పలకలు.

ఏసమ్మ చెంబు తీసుకుని నీళ్లు తనే తాగేసింది.

"బండేది?" అన్నాడు చెన్నకేశవులు నీరసంగా.

"బండి యాడికి పోతుంది? షెడ్డు వెనకే ఉంది. పొద్దున మీరు పోంగానే చూసి వచ్చినా" అంది విశాలాక్షి. "మీ డేరా, సామానూ చూసి మొదట పందేనికనే అనుకున్నా. బండి ఇంట్లోనే ఉంటే ఇంకేమనుకోవాల?"

పొద్దున తాను పెట్టిన కేక ఆయనకు ఇప్పుడు గుర్తొచ్చింది. పలకలు తప్ప ఇంకొకటి ఎక్కకూడదన్నాడు. వీరమ్మ ఎక్కించలేదు. మద్రాసు మూటకు చుట్టమన్న చీర మద్రాసు మూటకే చుట్టింది.

"అయితే ఇప్పుడే వెనక్కి పోయి బండి..."

"పలకలని చెప్పి పలకలే తీసకపోయేవాడు మధ్యలో మోటారు సైకిలని ఎందుకు చెప్పినట్టు?" సుబ్బయ్య కూతురి వైపు తిరిగాడు. "ఇందులో ఇంకేదో ఉందమ్మా. నాకు నమ్మకం కుదరడంలే."

"నాకూ కుదరలే నాయనా" అని విశాలాక్షి వ్యాను ఎక్కి ముందు సీట్లో కూర్చుంది. "వెనక్కి పోయేది లేదు. మద్రాసుకే పోనియ్ కాటమరాజూ. ఆ రెండో దిండు ఎవరిదో చూసే వస్తా."

వ్యాను షోలవరం చేరింది. అక్కడ నిజంగానే మైదానం ఉంది, వరసగా డేరాలున్నాయి, వ్యాన్లలోంచి మోటారు సైకిళ్లు దింపుకుంటున్న మగవాళ్లున్నారు. వాళ్లందరూ డేరా, స్టవ్వు, గిన్నెలు, పలకల పెట్టెలు దింపుకుంటున్న చెన్నకేశవులును అనుమానంగా చూశారు. విశాలాక్షి వచ్చేపోయే ప్రతి ఆడమనిషినీ అంతకన్నా అనుమానంగా చూసింది.

ఆదివారం మొదటి పందేనికి ఇంజన్లన్నీ ఒక్కసారి గర్జించాయి. కంచె పట్టుకుని నిలబడ్డ చెన్నకేశవులు కళ్లలోంచి నీళ్లు ధారగా కారాయి. తువ్వాలు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. విశాలాక్షి ఆయన్ను చాలాసేపు చూసింది. ఏ ఆడదాని కోసమూ ఏ మగవాడూ అంతగా ఏడవడని ఆమెకు అప్పుడు నమ్మకం కుదిరింది. దగ్గరికి వచ్చి ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

"వచ్చే ఏడు బండి నేనే దగ్గరుండి ఎక్కిస్తాలే. ఏడవబాకండి" అంది.

ఆ రాత్రి డేరాలో రెండు దిండ్లూ ఆమే వేసుకుని పడుకుంది.