నల్ల అంచులో ఏజెంటుగారి పరువు

దేశంలో ఫుట్‌బాల్ ఏజెంట్ల పరువు సగటున పదకొండు శాతానికి పడిపోయిందని, శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా దాన్ని అరవైకి పెంచి తీరతామని క్రీడల మంత్రిగారు రాజధాని నుంచి ప్రకటించారు. పదకొండు ఎలా తేలిందని ఒక విలేకరి అడిగితే, పది అంటే మరీ తక్కువగా వినిపిస్తుందని మంత్రిగారు దాపరికం లేకుండా చెప్పారు. వచ్చే నెల ఎన్నికలు పెట్టుకుని ఇంత నిజాయితీగా మాట్లాడే మంత్రులు అరుదు.

పథకం మొదలుపెట్టడానికి మొరావా నది ఒడ్డునున్న బ్రెజాక్ పట్నాన్ని ఎంచుకున్నారు. ఆటగాళ్లను క్లబ్బులకు కుదిర్చే పేరుమోసిన ఏజెంటు గ్రాదిమిర్ షారాట్స్ పుట్టింది అక్కడే. పుట్టినందుకు గుర్తుగా స్టేడియం గోడకు ఒక ఫలకం పెడతారు. అయితే నిబంధన ఉంది. ఊరివాళ్లు ఏడుగురు ఆయన గురించి తలా ఒక మంచిమాట చెప్పి, కింద సంతకం చెయ్యాలి.

ఆ ఏడు మాటలు తెచ్చే భారం మునిసిపల్ ఆఫీసు ప్రచార విభాగం మీద పడింది. ప్రచార విభాగమంటే విదోసావా ఒక్కతే. ఆమెది మూడు నెలల కాంట్రాక్టు ఉద్యోగం. ఆ మూడు నెలలూ తొమ్మిదేళ్లుగా నడుస్తున్నాయి.

"ఏడు మాటలమ్మా," అన్నాడు మేయర్ రాదివొయె. "ఏడు తెచ్చావా, నీ ఉద్యోగం పర్మనెంటు. ఆరే తెచ్చావా, నెలాఖరుకి నువ్వు ఇంటికి."

విదోసావా ముందుగా రొట్టెల కొట్టుకు వెళ్లింది.

"షారాట్స్ గురించి మంచిమాటా?" అన్నాడు కొట్టతను పిండిచేతులు దులుపుకుంటూ. "మా తమ్ముణ్ణి ఎక్కడో ఎడారి దేశం క్లబ్బుకి పంపాడు. తీరా వెళ్తే అక్కడ బంతి లేదు, గుర్రాలున్నాయి."

"పోనీ, దాంట్లోనే ఏదైనా మంచి..."

"తమ్ముడికి ఇప్పుడు గుర్రపుస్వారీ వచ్చు. రాసుకో."

రాసుకుంది. సంతకం మాత్రం పెట్టనన్నాడు.

స్టేడియం పక్క కాఫీ హోటల్లో నలుగురు పెద్దమనుషులు ఆమెను మర్యాదగా కూర్చోబెట్టి, ప్లమ్ సారా పోసి, షారాట్స్ బ్రెజిల్ నుంచి తెచ్చానని క్లబ్బుకు అంటగట్టిన ఆటగాడి కథ మళ్లీ చెప్పారు. మొదటి మ్యాచిలోనే వాళ్లమ్మ పక్కూరి నుంచి జున్ను రొట్టె కట్టుకొచ్చి, "ఒరే స్రెటెన్, చెవులకు గాలి తగుల్తుంది, టోపీ పెట్టుకోరా!" అని గ్రౌండంతా వినబడేలా అరిచిందట.

బుధవారం సాయంత్రానికి విదోసావా కాగితం మీద ఒక్క సంతకమూ లేదు. కనీసం పోస్టరైనా వేసి పని చూపిద్దామని ఒబ్రెన్ తాత ప్రెస్సుకు వెళ్లింది.

ఒబ్రెన్ నలభై ఏళ్లుగా అచ్చేసేది ఒక్కటే. ఊళ్లో ఎవరైనా పోతే ఫొటో, పేరు వేసి కరెంటు స్తంభాలకు అతికించే చావు కబురు. ఆ ఊరివాళ్లు పొద్దున్నే స్తంభం చూడందే కాఫీ ముట్టరు.

"ఫొటో, పేరు చాలు తాతా. కింద 'మన షారాట్స్' అని వెయ్యి."

"అంచు?"

"ఏముంది నీ దగ్గర?"

"నల్లదుంది."

"వేరేది?"

"కొంచెం సన్నటి నల్లది."

సన్నటిదే వెయ్యమంది. అంచు లేకపోతే కాగితం బోసిగా ఉంది మరి.

గురువారం ఎనిమిది గంటలకు ఆఫీసు తలుపు తీసేసరికి మెట్ల మీద రొట్టెల కొట్టతను నిలబడి ఉన్నాడు. తలమీద టోపీ లేదు. చేతిలో ఆ ఊళ్లో చావింటికి పట్టుకెళ్లే కాఫీపొడి పొట్లం, కొవ్వొత్తి.

"వాళ్లింట్లో ఎవరూ లేరుగా, ఇవి ఇక్కడ ఇద్దామని," అన్నాడు. "ఎంత చలాకీ మనిషి! మా తమ్ముడికి లోకం చూపించింది ఆయనే. ఎక్కడ సంతకం చెయ్యాలమ్మా?"

విదోసావా పెన్ను ఇచ్చింది.

పదింటికి కాఫీ హోటలు పెద్దమనుషులు నలుగురూ వచ్చారు. "బ్రెజిల్‌వాణ్ణి పక్కూళ్లో వెతికి పట్టుకోవాలంటే ఎంత చూపు ఉండాలి!" అని కళ్లు తుడుచుకున్నారు. మధ్యాహ్నానికి అరవై రెండు సంతకాలు, తొమ్మిది కిలోల కాఫీపొడి పోగయ్యాయి.

మేయర్ స్తంభం దగ్గరికి వెళ్లి చూసొచ్చాడు.

"ఏమ్మాయ్, షారాట్స్ పోయాడా?"

"లేదండీ. పొద్దున ఫోన్లో మాట్లాడారు. రేపు మంత్రిగారి కార్లోనే వస్తున్నారట."

"పోయాడని మనం రాశామా?"

"లేదండీ. తేదీ కూడా వెయ్యలేదు."

"అయితే మనం అబద్ధమాడలేదు," అన్నాడు మేయర్. న్యాయశాస్త్రం చదవకుండానే ఆ తీర్పు ఇవ్వగలిగాడంటే ఆయన ప్రతిభను మెచ్చుకోవాలి.

శుక్రవారం కారు దిగుతున్న షారాట్స్‌ను మేయర్ జనానికి కనబడకుండా వెనకదారిన తీసుకెళ్లి, స్టేడియంలో బట్టలుతికే గదిలో కూర్చోబెట్టాడు.

"ఒక్క గంట ఓపిక పట్టండి. మీరు కనబడ్డారంటే అరవై రెండు మంచిమాటలూ వెనక్కి పోతాయి."

తోడుగా విదోసావాను ఉంచాడు. ఏజెంటుగారు తడి తువ్వాళ్ల మధ్య కూర్చుని, కిటికీ సందులోంచి తన గురించి జనం చెప్పే మంచిమాటలు విన్నాడు. మొదట నవ్వాడు. తర్వాత ఫోను కట్టేశాడు. ఆ పని ఆయన ముప్పై ఏళ్లలో ఎప్పుడూ చెయ్యలేదు.

తలుపు తోసుకుని స్తమెంకా వచ్చింది. ఆటగాళ్ల బట్టలుతికే ముసలామె. చేతిలో గిన్నె.

"బతికే ఉన్నావా నాయనా?"

"అయిదింటిదాకా లేనమ్మా."

ఆమె ఆశ్చర్యపోలేదు. ఆ క్లబ్బులో చాలా చూసింది. "నీ ఆత్మశాంతికని గోధుమలుడికించి పంచదార, అక్రోట్లు కలిపి తెచ్చాను. వేడిగా ఉంది, తిను."

తిన్నాడు. తింటూ అడిగాడు, "నువ్వేం మంచిమాట చెప్పావమ్మా?"

"ఒకసారి బస్టాపులో వాన పడుతుంటే నా నెత్తిన గొడుగు పట్టావు. బస్సు వచ్చిందాకా ఫోన్లో అరుస్తూనే ఉన్నావు, గొడుగు మాత్రం దించలేదు."

షారాట్స్ చెంచా ఆపి చాలాసేపు ఆలోచించాడు. గుర్తు రాలేదు. ఆ అరవై రెండింటిలో లేని ఈ ఒక్క మాటే నిజమని విదోసావాకు తెలుసు. స్తమెంకా ఆ మాట సోమవారమే చెప్పబోతే, సంతకం రానిదాని మాట ఎందుకని తనే వినలేదు.

అయిదింటికి మంత్రిగారు ఫలకం మీది గుడ్డ లాగి, పరువు తొంభై నాలుగు శాతానికి చేరిందని ప్రకటించారు. జనం టోపీలు తీసి ఏడ్చారు. మేయర్ అక్కడికక్కడే విదోసావా పర్మనెంటు కాగితం మీద సంతకం చేశాడు.

చీకటి పడకముందే అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు. షారాట్స్ బయటికి వచ్చి, పోయినవాళ్లకు చేసే నలభయ్యోరోజు ప్రార్థన అయ్యేదాకా స్తంభాల మీది ఆ కాగితాలు చింపించొద్దని మేయర్‌ను బతిమాలుకున్నాడు. నాలుగు పెద్ద క్లబ్బులు అప్పటికే సంతాపం పంపాయట.

మంత్రిగారు కారెక్కబోతూ ఆగారు. విదోసావాను పక్కకు పిలిచి, కోటు లోపలి జేబులోంచి ఒక ఫొటో తీశారు. నవ్వుతున్న ఫొటో, ఆయనదే.

"ఆ ప్రెస్సాయన నమ్మకస్తుడేనా?"

"నలభై ఏళ్లుగా ఎవరూ వెనక్కి వచ్చి ఫిర్యాదు చెయ్యలేదండీ."

"తేదీ వద్దు."

"వెయ్యమండీ. ఎన్ని స్తంభాలకి?"

మంత్రిగారు వీధి చివరిదాకా చూశారు.

"దేశంలో ఎన్నున్నాయి?"