చారిత్రక చలిగాలి

గాలి రాకూడదని తలుపులు మూసుకోవడం లోకంలో ఎవరైనా చేసే పనే. తలుపులు మూశాకే గాలి బాగా వచ్చే కిటికీని కనిపెట్టి, దాన్ని రెండు వందల ఏళ్లుగా నియమాలు రాసుకుని మరీ కాపాడుకుంటున్న ఘనత మాత్రం మా ఎడిన్‌బరా వాళ్లది.

మా వీధిలో ఇళ్లన్నిటికీ అవే కిటికీలు. ఒక చట్రం పైకి, ఒక చట్రం కిందికి జారుతుంది. రెండూ కలిసే చోట కత్తి దూరేంత సందు. లోపల తాడు, తాడుకు ఇనుప గుండు. (తాడు తెగితే చట్రం వేళ్ల మీద పడుతుంది. అది కూడా వారసత్వమే.)

మా పై అంతస్తులో ఎల్‌స్పెత్ టల్లక్ గారుంటారు. వీధిలో సగం మందికి పియానో నేర్పిన మనిషి. పెళ్లై అడుగుపెట్టింది ఆ గదిలోనే, భర్త పోయాక మిగిలిందీ ఆ గదిలోనే. ఇల్లు పాత ఇళ్ల ట్రస్టుది, ఈవిడ అద్దెకుంటున్నారు. కిందటి చలికాలం ఆవిడకు నెమ్ము చేసింది. "ఈ గాలిలో ఇంకో చలికాలం గడిపితే మనిషి దక్కరు. సందులైనా మూయించండి, ఇల్లైనా మారండి" అని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఇల్లు మారే ప్రసక్తే లేదని ఆవిడ అంతకంటే మొహమాటం లేకుండా చెప్పారు.

చట్రాల అంచుల్లో గాలి దూరకుండా కుచ్చుల పట్టీ బిగిస్తే సరిపోతుంది, వడ్రంగికి ఒక పూట పని. కాకపోతే అనుమతి కావాలి. ట్రస్టువారి ప్రాచీన గవాక్ష పరిరక్షణ విభాగానికి విన్నవించుకున్నాం. అధికారి ఫార్కర్సన్ గారు వేంచేశారు. కోటు, టోపీ, చేతి తొడుగులు ఏవీ విప్పకుండా కిటికీ దగ్గర కొవ్వొత్తి వెలిగించారు. ఆరిపోయింది. మళ్లీ వెలిగించారు. మళ్లీ ఆరింది. ఆయన ముఖం వికసించింది.

"అబ్బ, అసలు సిసలు గాలండీ! ఇల్లు కట్టిననాడు ఎలా వచ్చేదో ఇవాళా అలాగే వస్తోంది. ఇంత చెక్కుచెదరని గాలిని నేను ఈ ఊళ్లో చూడలేదు."

"గాలికేం నాయనా, బ్రహ్మాండంగా ఉంది. చెడింది నా ఊపిరితిత్తులు" అన్నారు ఎల్‌స్పెత్ గారు దగ్గుతూ.

"స్వెటర్ వేసుకోండి మేడమ్."

"మూడున్నాయి ఒంటి మీద. ఇంకోటి వేస్తే చేతులు వంగవు. అప్పుడు టీ కప్పు మీ తాతగారొచ్చి పట్టుకుంటారా?"

"అప్పటివాళ్లు వణికారు మేడమ్. మనం వణక్కపోతే ఇది ఆనాటి ఇల్లెలా అవుతుంది?"

నాకు నోరు ఊరుకోలేదు. "అప్పటివాళ్లు నలభై నిండకుండానే పోయారు సార్" అన్నాను.

"అదీ అప్పటి పద్ధతే" అన్నారాయన, నిమ్మకు నీరెత్తినట్టు.

ఆ వారమే ఉత్తర్వు వచ్చింది. సదరు గాలిని రెండో తరగతి వారసత్వ సంపదగా గుర్తించారు. దాన్ని ఆపడం, మళ్లించడం, దాని దారిలో మేజోళ్లు కుక్కడం నిషేధం. (పోనీ వార్తాపత్రిక కుక్కవచ్చా అని అడిగాం. ఇల్లు కట్టిన ఏడాది పత్రికైతే అభ్యంతరం లేదన్నారు.)

చలి ముదిరింది. కిటికీ పక్కన గోడలోకి మడతపడే చెక్క రెక్కలున్నాయి. ఎవరో తాతలనాడు రంగు పూసేసి అతికించేశారు. అవి ఆనాటివే గనక మూసుకోవడానికి అనుమతి అక్కర్లేదు. నేనూ ఆవిడా వెన్న కత్తితో గీకి గీకి లాగాం. రెక్క ఊడొచ్చింది. దాని వెనక గోడ మీద, చేత్తో బొమ్మలు వేసిన పాత కాగితం. నీలం పిట్టలు, దానిమ్మ పళ్లు, నిన్ననే వేసినట్టున్నాయి.

"గమ్మున మూసెయ్యండి. లేనిపోని తలనొప్పి" అన్నాను.

"తప్పు కదూ! ఇల్లు వాళ్లది. చెప్పకుండా ఎలా ఉంటాం? అయినా ఇంత అందం చూశాక ఆయన మనసు కరగదూ?"

నిజంగానే కరిగింది. ఫార్కర్సన్ గారు కాగితం ముందు చేతులు జోడించినంత పని చేశారు. తర్వాత కిటికీ వైపు తిరిగి ఒంటికాలి మీద లేచారు. "ఇంత గాలిలోనా! ఇదేం అన్యాయం! రాయైనా తట్టుకుంటుందా ఈ చలి?"

మర్నాడు పొద్దున్నే వడ్రంగులు కుచ్చుల పట్టీలతో దిగారు. (మొదటి తరగతి కాగితం ముందు రెండో తరగతి గాలికి హక్కులుండవని ఆయనే విడమరిచి చెప్పారు.) మధ్యాహ్నానికి గదిలో వెచ్చదనం నిలిచింది. ఎల్‌స్పెత్ గారు స్వెటర్లు ఒక్కొక్కటే విప్పి, పియానో ముందు కూర్చుని, దగ్గకుండా ఒక పాట మొత్తం వాయించారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఆ వెనకే తేమ నిపుణులొచ్చారు. సందులు మూశాక గదిలో తేమ నిలుస్తోందట, పిట్టల రంగుకది పడదట. తేమకు మూలాలు రెండని తేల్చారు. కెటిల్, ఎల్‌స్పెత్ గారు. కెటిల్‌ను అప్పుడే తీసుకెళ్లారు.

"మీరు ఊపిరి పీల్చుకోవడం మీద మాకెలాంటి అభ్యంతరమూ లేదు మేడమ్. వదలడమే సమస్య" అన్నారు ఫార్కర్సన్ గారు.

"పీల్చింది ఎక్కడ దాచుకోను నాయనా?"

"అందుకే ఊరి చివర మీకు వేరే గది చూశాం."

ఆవిడ పియానో మూత మూశారు. తర్వాత మెల్లిగా అడిగారు. "ఆ పట్టీలు పీకేయించు బాబూ. నా గాలి నాకిచ్చెయ్యి. ఎలాగోలా ఓర్చుకుంటాను."

"అయ్యో, మిమ్మల్ని మళ్లీ చలిలో పెడతామా మేడమ్?" అన్నారాయన, నిజంగా నొచ్చుకుని.

క్రిస్మస్‌కి ముందే గది ఖాళీ అయింది. ప్రతి సోమవారం వీధి తలుపుకు ట్రస్టువారు ప్రకటన అంటిస్తున్నారు. గోడకాగితం ఆరోగ్యం నిలకడగా ఉంది, పిట్టలు కోలుకుంటున్నాయి. ఎల్‌స్పెత్ గారు ఎలా ఉన్నారని కనుక్కోవడానికి వాళ్ల ఆఫీసుకు వెళ్లాను. చాలా మర్యాదగా కూర్చోబెట్టి, దానికి విభాగం లేదని చెప్పారు.