రిస్క్ లేని బడి

"వారం రోజుల్లో ప్రతి బడిపిల్లకూ కీటకాల అలర్జీ రిస్క్ అంచనా వేసి తీరుతాం" అని మంత్రిగారు ప్రకటించారు. కందిరీగలు ఏమనుకున్నాయో గానీ, బడి గుమస్తానైన నాకు మాత్రం ఒళ్లు పులకరించింది.

మర్నాడే అధికారిగారు నలభై రెండు కాలమ్‌ల ఫారాలతో దిగారు. మా బడి ఆయా తన కూతుర్ని పట్టుకుని అందరికన్నా ముందు నిలబడింది. కిందటేడు ఆ మూడో తరగతి పిల్లను కందిరీగ కుడితే మొహం ఉబ్బి, ఊపిరాడక, ఆసుపత్రిలో ఇంజెక్షన్ పడ్డాకే కళ్లు తెరిచింది. అలాంటి ఇంజెక్షనొకటి బడిలో ఉంచమని ఆయా అప్పటినుంచీ కాళ్లరిగేలా తిరుగుతోంది.

"పిల్లని కుట్టిందా?" అడిగారు అధికారిగారు.

"కుట్టింది సార్. చచ్చి బతికింది."

"బతికింది కదా. అంటే తట్టుకోగలదు. రిస్క్ తక్కువ."

"మళ్లీ కుడితే?"

"మళ్లీ అంచనా వేస్తామమ్మా."

ఇంత సూక్ష్మబుద్ధి నేనెక్కడా చూడలేదు. సాయంత్రానికి బడి మొత్తంలో ఒక్క రిస్కూ మిగల్లేదు. 'రిస్క్ లేని బడి' బోర్డు ఆవిష్కరించడానికి మంత్రిగారే వస్తున్నట్టు కబురొచ్చింది.

వచ్చారు. వెనకాలే డాక్టరు, ఆయన చేతిలో ఇంజెక్షన్ ఉన్న ఎర్ర పెట్టె.

"మంత్రిగారిని ఎప్పుడైనా కుట్టిందా సార్?" అని అధికారిగారిని అడిగాను.

"ఒక్కసారీ లేదయ్యా. కుడితే ఏమవుతుందో ఎవరికి తెలుసు? అందుకే హై రిస్క్."

మంత్రిగారికిచ్చే పూలగుత్తిలో ఏ పురుగుంటుందో అని, కుట్టించుకున్న అనుభవం ఉందని, దాన్ని ఆయా కూతురి చేతే ఇప్పించారు. ఆయా గుత్తిని మూడుసార్లు దులిపింది. అయినా ఒక తేనెటీగ లేచింది. పిల్ల తల్లి కొంగులో దూరింది. డాక్టరు వాళ్లిద్దర్నీ దాటుకుని పరుగెత్తి, మంత్రిగారి తొడకు ఇంజెక్షన్ పొడిచేశారు.

"నన్ను కుట్టలేదయ్యా."

"కుట్టకముందే వేస్తేనే నివారణ సార్."

ఆ మందు దెబ్బకు గుండె దడదడలాడుతున్నా లెక్కచేయక, మంత్రిగారు పిల్లల భద్రత మీద గంటసేపు మాట్లాడారు.

కార్లు వెళ్లాక ఆయా వేదిక కింద పడున్న ఖాళీ పెట్టె తీసి, కొంగుతో తుడిచి నా బల్లమీద పెట్టింది.

"ఉంచండి బాబుగారూ. ఎప్పటికైనా ఇందులోకి ఒకటి తెప్పిద్దురుగాని."

నాకు ఆమె మొహం చూడాలంటే సిగ్గేసింది. పెట్టెను అల్మరాలో పెట్టాను.

మర్నాడు తనిఖీకొచ్చిన అధికారిగారు అల్మరాలో దాన్ని చూసి మురిసిపోయారు. మూత తియ్యలేదు. ఫారంలో నలభై మూడో కాలమ్ కొత్తగా గీసి, "బడిలో ఇంజెక్షన్: ఉంది" అని రాసి, సాక్షిగా ఆయా చేత సంతకం పెట్టించుకున్నారు.