ఆవిరిస్నానంలో డ్రోన్ పరీక్ష

మనిషి చలిమంట కనిపెట్టాడు, కంబళి కనిపెట్టాడు. అయినా చలిని పూర్తిగా జయించింది మాత్రం ఫిన్లాండ్‌లోని మా కళాశాల భద్రతా విభాగమే.

ఆ విభాగానికి రెండు నిబంధనలున్నాయి. తనంతట తాను ఎగిరే డ్రోన్‌ను మైనస్ ఇరవై అయిదుకు దిగువ చలిలో ఆరుబయట పరీక్షిస్తేనే విద్యార్థికి పట్టా. ఆ చలిలో ఎవరూ ఆరుబయట పని చేయరాదు. (రెండూ ఒకే సమావేశంలో ఆమోదం పొందాయి. మధ్యలో కాఫీ తాగారు.)

దారి తప్పిన రెయిన్‌డీర్లను వెతికే డ్రోన్ ఒకటి నా విద్యార్థిని వెన్లా తయారుచేసింది. ఈ శీతాకాలంలో పరీక్ష జరగకపోతే పట్టా లేదు. పట్టా లేకపోతే ఉత్తరాన ఒప్పుకున్న ఉద్యోగమూ లేదు. ఆ ఉదయం సరస్సు మీద మైనస్ ఇరవై ఏడు. ఆ పిల్ల మొహం చూస్తే నాకే ఏడుపొచ్చింది.

"తాయిస్తో గారూ, కాసేపు చాలండీ," అని భద్రతాధికారిని బతిమాలింది.

"కాసేపైనా పని పనేనమ్మా. రేపు నీ వేలు ఊడితే ఎవరికి చెప్పుకోను?"

"మొన్న ఇంతకన్నా చలిలో మీరు సరస్సులో మునిగారు కదండీ?"

"అది స్నానం!" ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. "సౌనా ఆవిరిగదిలో ఒళ్లు కాచుకుని మంచు కన్నంలో మునగడం పనంటావా? మా తాత వింటే నీ చెంప పగలగొట్టేవాడు!"

వెన్లా మొహం వెలిగింది.

ఆవిరిస్నానాన్ని ఆపే నిబంధన రాయగల అధికారి మా దేశంలో ఇంకా పుట్టలేదు. కాసేపటికే ఒడ్డున కళాశాల సౌనా పొగ చిమ్మింది. తువ్వాళ్లు చుట్టుకుని, ఉన్ని టోపీలు పెట్టుకుని, ఒళ్లంతా ఆవిరి కక్కుతూ పరీక్షా బృందం మంచు మీదికి వచ్చింది. తాయిస్తో గారు కూడా తువ్వాలుతోనే పర్యవేక్షించారు. (బట్టలేసుకుంటే విధి నిర్వహణ కిందికి వస్తుంది.) స్నానం స్నానంలా కనిపించాలని అందరూ వంతులవారీగా మునిగారు.

రెయిన్‌డీర్ దొరకలేదు కాబట్టి ఆ వేషం వెన్లా స్నేహితుడు ఓస్సికి పడింది.

"ఒరేయ్, కొమ్ములు సరిగ్గా పెట్టుకుని పరిగెత్తరా!"

"నీ బొంద! తువ్వాలు జారిపోతోందే!"

"జారనీ! ఏ రెయిన్‌డీర్ తువ్వాలు కట్టుకుందిరా?"

ఎదురుగాలి మంచును మొహాన కొడుతున్నా డ్రోన్ వెనక్కి తగ్గలేదు. పైన్ చెట్ల వెనక దాక్కున్న ఓస్సిని కనిపెట్టి, అతని నెత్తి మీదే ఆగి దీపం వెలిగించింది. వెన్లా కేక పెట్టింది. తాయిస్తో గారు కూడా గెంతారు, తువ్వాలు గట్టిగా పట్టుకుని.

పరీక్షా మండలి అన్నీ నిష్పక్షపాతంగా పరిశీలించింది. ఆ రోజు ఒడ్డున ఉన్నవాళ్లంతా స్నానమే చేశారని భద్రతాధికారి స్వయంగా ధ్రువీకరించారు. పని చేసింది డ్రోన్ ఒక్కటే. కాబట్టి పట్టా దానికే ఇచ్చారు. స్నాతకోత్సవంలో వెన్లాకు తల్లిదండ్రుల వరసలో కుర్చీ వేశారు.

ఉత్తరాన ఉద్యోగంలో చేరడానికి డ్రోన్ సోమవారం బయలుదేరుతోంది. వెంట వెన్లా కూడా వెళ్తోంది, దాని మీద ఆధారపడిన కుటుంబ సభ్యురాలి హోదాలో.