ఎవరికీ అక్కర్లేని షేరు

లెక్కల మాస్టారు షేర్లు కొనే తీరే వేరు. పదిమందీ ఎగబడే కంపెనీ వైపు కన్నెత్తయినా చూడరు. అందరూ ఛీకొట్టిన చిన్న కంపెనీ కనిపిస్తే మాత్రం ప్రాణం లేచొస్తుంది. కొనేముందు ముగ్గుర్ని అడుగుతారు. ముగ్గురూ వద్దంటేనే కొంటారు.

ఆ ఆదివారం పొద్దున గొడుగుల కంపెనీ వంతు వచ్చింది.

"గొడుగులా? వద్దే వద్దు," అంది భార్య.

"మునిగిపోయే కంపెనీ బావగారూ!" అన్నాడు బావమరిది.

మాస్టారు ఈల వేసుకుంటూ క్షవరానికి వెళ్లి, సెలూన్ ఆయన్ని అడిగారు. ఆయన కత్తెర ఆపాడు.

"మీరు కొంటున్నారా సార్? అయితే నాకూ ఓ వంద!"

మాస్టారికి మూడో 'వద్దు' దక్కలేదు. "వద్దయ్యా! మూడేళ్లుగా నష్టాలు. వాళ్ల గొడుగు తెరిస్తే మూసుకోదు, మూస్తే తెరుచుకోదు."

"అర్థమైంది సార్," అంటూ ఆయన కన్నుగీటాడు. "ఎవరికీ చెప్పను."

పక్క కుర్చీలో ముఖమంతా సబ్బునురగతో ఉన్న పోస్టుమాస్టరు చెవులు రిక్కించాడు. సోమవారం మధ్యాహ్నానికి పోస్టాఫీసంతా ఆ షేర్లు కొంది. మంగళవారం కబురు స్కూలుకు పాకింది. మాస్టారు బల్లగుద్ది మరీ అది చచ్చిన కంపెనీ అన్నారు.

"చూశారా, మనల్ని రానివ్వట్లేదు!" అని సైన్సు టీచరు రెండొందలు కొంది.

మాస్టారు పట్టుదలకు పోయి, ఆ నష్టాలనే బోర్డు మీద లెక్కగా ఇచ్చారు. పిల్లలు ఇంట్లో చూపించారు. బుధవారం తండ్రులందరూ కొన్నారు. షేరు మూడింతలైంది. దారిలో ఎదురైనవాళ్లంతా ఆయనకు దణ్ణాలు పెట్టసాగారు. ఇరవయ్యేళ్లలో మొదటిసారి మాస్టారికి తన పద్ధతి మీదే అనుమానం వచ్చింది. ఇంతమంది పొరబడతారా? గురువారం దాచుకున్నదంతా తీసి కొనేశారు.

శుక్రవారం కంపెనీ లెక్కలు బయటికొచ్చాయి. నాలుగో ఏడూ నష్టమే. షేరు దబ్బున మొదటికొచ్చింది.

మాస్టారు ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డారు. "అందరూ కొంటున్నారని కొన్నానే!"

"నేను సోమవారమే కొన్నానండీ," అంది భార్య నెమ్మదిగా. "నిన్న అమ్మేశాను."

"నిన్ననే ఎందుకమ్మావ్?"

"మీలాంటివారు కూడా నలుగురితో పాటు పరిగెడుతుంటే భయం వేసింది. మీరు బ్యాంకు పుస్తకం జేబులో పెట్టుకోగానే అమ్మేయమని బ్రోకరుకు ఫోన్ చేశా."

"ఎవరు కొన్నారు?"

"ఏమో మరి. నిన్న అంత రేటుకు కొన్నవారు ఒక్కరేనట."

ఇంటి డబ్బు ఇంట్లోనే ఉంది. బీరువా మాత్రం మారింది.